గలరు గారికి ఒక మనవి, ఆలకించగలరు

గలరు గారూ, నమస్తే అండీ.

పొద్దున్నే లిఫ్ట్ పక్కన నోటీసు చూశా, "మెయింటెనెన్స్ 5వ తేదీలోపు చెల్లించగలరు" అని. నెలాఖర్లో నా అకౌంట్ చూసిన మా ఆవిడకే లేని నమ్మకం మీకెక్కణ్ణుంచి వచ్చిందండీ బాబూ? మీ పుట్టుక చూస్తే మీరు "కల" వంశం, ముగ్గురు కొడుకులు కలరు అంటామే, ఆ కల, "చేయ" పక్కన చేరేసరికి క కాస్తా గ అయిపోయి చేయగలరు అయ్యింది, అంటే చేసే సత్తా ఉందని మెచ్చుకోవడమేగా, మరి ఆ మెచ్చుకోలుకి 6వ తేదీ నుంచి ఫైన్ ఏంటి?

హుకుం గారే నయం. అరబీలో పుట్టి ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చినా వేషం మార్చలా, హుకుం అంటే హుకుమే. ఆయన వెంట వచ్చిన "జారీ"కి అసలు అర్థం పారేది అని, మన దగ్గర ఉత్తర్వులు జారీ అయ్యి ఎటో జారిపోతాయి (ఇది వ్యుత్పత్తి కాదు, నా అనుభవం).

సంస్కృతంలో ఇంకో తమాషా, పైవాడిచ్చే ఆజ్ఞ, కిందోడు పెట్టుకునే విజ్ఞప్తి రెండిటికీ ఒకటే ధాతువు, జ్ఞా, తెలియడం. మనం విజ్ఞప్తి పెట్టుకుంటే సారుకి తెలుస్తుంది, అంతే, చేస్తారని ఎవరన్నారు?

కట్టాలి, రావాలి కూడా ఒకప్పుడు కట్టవలయును, రావలయును. ఆ వలయు, వలచు, వలపు నిఘంటువులో పక్కపక్క ఇళ్లే. బ్యాంకు వాళ్లు ఈఎంఐ కట్టాలి అని మెసేజ్ పెట్టినప్పుడల్లా ఆ వలపు తట్టుకోలేక చస్తున్నా.

నాకు నచ్చింది మాత్రం "ఒప్పించు". ఒప్పు అంటే సరైనది, అందంగా అమరడం కూడా, ఒప్పులకుప్ప అంటామే. ఎదుటోడి కంటికి సరిగ్గా కనబడేలా చెయ్యడమే ఒప్పించడం. సెక్రటరీ గారు ఒక్కసారి మా ఇంటికొచ్చి టీ తాగుతూ వాటర్ ట్యాంకర్ల లెక్క చెప్పుంటే అప్పుడే ఫోన్‌పే కొట్టేవాణ్ణి, కానీ ఆయన మిమ్మల్ని గోడకి అంటించి వెళ్లిపోయారు.

మీరు పెళ్లి కార్డుల్లో ఉండండి సార్. ఆశీర్వదించగలరు అంటే నిజంగానే ఆశీర్వదించగలం, ఖర్చు కూడా తక్కువ.

ఇట్లు,
చెల్లించగలిగీ చెల్లించని 302

తా.క.: ఇప్పుడే ఇంకో నోటీసు పడింది, "లిఫ్ట్ రిపేరు, దయచేసి మెట్లు ఎక్కగలరు" అని. మా అత్తగారు మోకాళ్లు పట్టుకుని చదివి, "ఎవరు చెప్పార్రా వీళ్లకి?" అంటున్నారు.