భుజానికి ఊతమిచ్చేది బస్తాల పనికి రాదు

ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీల్లో వాడిన ఎక్సోవెస్ట్ (చేతులకు ఊతమిచ్చేలా ఒంటికి తొడుక్కునే చట్రం) గురించి మీ వ్యాసంలో బాగానే రాశారు. కానీ చివర్లో ‘గోడౌన్ హమాలీలకూ ఇదే ఇవ్వాలి’ అన్నారు చూశారా, అక్కడే తేడా కొట్టింది. అది తలకు పైన చేతులెత్తి పనిచేసేవాళ్ల కోసం. మోటారు, బ్యాటరీ ఉండవు, స్ప్రింగులే ఒక్కో చేతికి సుమారు 2.2 నుంచి 6.8 కిలోల ఊతమిస్తాయి. వంగి బస్తా ఎత్తేవాడికి కావాల్సింది నడుముకు ఆసరా ఇచ్చే రకం.

ఇంకోటి, భుజం మీంచి తీసిన బరువు మాయమైపోదు, బెల్టు మీదుగా తుంటికి దిగుతుంది. బెల్టు పొట్ట మీదకు జారిందా, వెస్టుకు భుజం దగ్గరుండే కీలు కూడా కిందికొచ్చి చంకలో పట్టీ ఒరుసుకుంటుంది. తుంటి ఎముక మీద బిగించి, ఆ కీలు మన భుజం కీలుకు ఎదురుగా ఉందో లేదో చూసుకోవాలి.

స్ప్రింగ్ ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనుకోవడం మరో పొరపాటు. అలా పెడితే కింద ట్రేలో స్క్రూ తీసుకోవాలన్నా చేతిని బలవంతంగా దించాలి! పనిముట్టు పట్టుకుని చెయ్యి నుదుటి ఎత్తులో వదులుగా ఉంచండి. చెయ్యి దానంతటదే పైకి లేస్తే స్ప్రింగ్ బలం ఒక మెట్టు తగ్గించండి, కిందికి జారితే పెంచండి. తిరిగే షాఫ్టుల దగ్గర మాత్రం వేలాడే పట్టీలతో అస్సలు వెళ్లనివ్వకండి. మన ఎండలకు చెమట సంగతి సరేసరి, ఒంటికి తగిలే మెత్తలు ఎవరివి వాళ్లకే ఇవ్వాలి.