హంతకుణ్ణి పట్టుకోకపోవడం ఎలా: స్వీడన్ చెప్పిన పాఠం

మా అపార్ట్‌మెంట్‌లో మూడు వారాలుగా పాల ప్యాకెట్లు పోతున్నాయి. రోజుకొకటి, అదీ ఫుల్ క్రీమే. వాట్సాప్ గ్రూపులో ఇప్పటికి నాలుగు కోణాలు తేలాయి: వాచ్‌మన్, పిల్లి, పక్క బిల్డింగ్ బ్యాచిలర్లు, సెక్రటరీని దింపేయాలని చూస్తున్న వర్గం. ఇంతటి దర్యాప్తుకు దారి చూపించాల్సిన బాధ్యత నా మీద పడింది కాబట్టి, రాత్రిళ్లు నిద్ర మానుకుని స్వీడన్ ప్రధాని ఓలోఫ్ పామే హత్య కేసు చదువుతున్నాను.

మన పోలీసులకు తొందరెక్కువ. పొద్దున శవం, సాయంత్రం ప్రెస్‌మీట్. బల్ల మీద ఒక కత్తి, రెండు సెల్‌ఫోన్లు, బైకు తాళం. వెనకాల ముసుగులేసుకుని నిందితులు. ఛేదించిన సిబ్బందికి రివార్డులు. మర్నాటికి ఆ కేసు ఎవరికి గుర్తుంటుంది? అదే స్వీడన్ వాళ్లు ఒక్క హత్యను 34 ఏళ్లు పొదుపుగా వాడుకున్నారు.

1986 ఫిబ్రవరి 28, శుక్రవారం. పామే అంగరక్షకుల్ని ఇంటికి పంపేసి, భార్య లిస్బెత్‌తో రాత్రి ఆట సినిమా చూసి నడుచుకుంటూ వస్తున్నారు. 11.21కి స్టాక్‌హోమ్ నడిబొడ్డున, స్వెయావేగెన్ వీధి మలుపులో ఒకడు వెనక నుంచి వచ్చి రెండు గుళ్లు పేల్చాడు. ఒకటి ఆయన ప్రాణం తీసింది, రెండోది భార్య వీపును రాసుకుంటూ పోయింది. వాడు పక్క సందులో దూరి, మెట్లెక్కి వెళ్లిపోయాడు. దేశమంతటి పోలీసులకు కబురు అందేసరికి రాత్రి రెండు దాటింది. హంతకుడు ఇంటికెళ్లి, భోంచేసి, ఒక కునుకు తీయడానికి సరిపడా సమయం. అతిథి మర్యాదలో స్కాండినేవియా వాళ్ల తర్వాతే ఎవరైనా.

ఘటనా స్థలానికి తాడు కట్టారు. కట్టారు గానీ, మన పెళ్లి పందిరికి వేసే షామియానా అంత జాగాకు కూడా కాదు. జనం పూలు పట్టుకుని రక్తం దాకా వచ్చేశారు. పేలింది రెండు గుళ్లే. ఆ రెండూ దారిన పోయేవాళ్లకే దొరికాయి, పోలీసులకు కాదు. మొదటిది తెల్లారేసరికి ఫుట్‌పాత్ మీద ఏరినవాడు మనవాడే, ఒక భారతీయ జర్నలిస్టు. కిందికి చూసి నడవడం మనకు రోడ్ల వల్ల వచ్చిన అలవాటు.

దర్యాప్తు పగ్గాలు స్టాక్‌హోమ్ పోలీసు అధిపతి హాన్స్ హోల్మేర్ అందుకున్నారు. హత్య రాత్రి ఆయన స్కీ పందెం కోసమని పొరుగూళ్లో ఉన్నారు. వచ్చాక ప్రెస్‌మీట్‌లో రెండు రివాల్వర్లు పైకెత్తి చూపించారు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. అయితే హత్య చేసిన ఆయుధం వాటిలో లేదు, అలాంటివి ఎలా ఉంటాయో చూపించారంతే. మన డీఎస్పీలు ఈ కళ ఇంకా నేర్చుకోలేదు, పాపం నిజమైన కత్తే కావాలంటారు. హోల్మేర్ టర్కీ ప్రభుత్వం మీద పోరాడే కుర్దుల సాయుధ సంస్థ పీకేకే మీద గురి పెట్టి, 1987 జనవరిలో ఒక్కసారిగా చాలామందిని పట్టుకొచ్చారు. ప్రాసిక్యూటర్లు గంటల్లోనే వదిలేయించారు. కొన్నాళ్లకు ఆయన ఉద్యోగం వదిలి డిటెక్టివ్ నవలలు రాసుకున్నారు. వాటిలోనైనా హంతకులు దొరికి ఉంటారు.

ఇక కోణాలు. సీఐఏ, దక్షిణాఫ్రికా, స్వీడన్ పోలీసుల్లోనే ఒక ముఠా, చివరికి మన బోఫోర్స్. హత్య జరిగిన నెలలోపే ఆ స్వీడన్ కంపెనీ నుంచి మన సైన్యానికి ఫిరంగులు కొనే ఒప్పందం మీద సంతకాలయ్యాయి మరి. (ఆ బోఫోర్స్ ముడుపుల పేరు చెప్పుకుంటూ 1989లో నేషనల్ ఫ్రంట్ చైర్మన్‌గా ఎన్టీఆర్ దేశమంతా తిరిగొచ్చారు. వచ్చేసరికి ఇంటిదగ్గర ఆయన ప్రభుత్వమే ఓడిపోయింది.) 1988లో ఒక పుస్తక ప్రచురణకర్త సొంతంగా దర్యాప్తు పెట్టుకున్నాడు. న్యాయశాఖ మంత్రి ఆయనకు సిఫారసు ఉత్తరం ఇచ్చి పదవి పోగొట్టుకున్నారు.

మన దగ్గర గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారు. అక్కడ నూటముప్పై మందికి పైగా గుమ్మడికాయ నేనే ఎత్తుకెళ్లానని ఒప్పుకున్నారు. బహుమతి 5 కోట్ల క్రోనార్లు ఉండనే ఉంది. ఒక్కరికీ దక్కలేదు.

1989లో క్రిస్టర్ పెటర్సన్ అనే తాగుబోతుకు కింది కోర్టు జీవితఖైదు వేసింది. వరసలో నిలబెడితే లిస్బెత్ గుర్తుపట్టారు. కాకపోతే నిందితుడు తాగుబోతని ఆవిడకు ముందే చెప్పి ఉంచారు. ఆవిడ కూడా వరసను చూస్తూనే, తాగుబోతెవరో తెలిసిపోతూనే ఉందన్నారు. అదే ఏడాది పై కోర్టు అతణ్ణి నిర్దోషిగా వదిలేసింది, నష్టపరిహారం కూడా ముట్టింది.

2020 జూన్ 10న కేసు మూసేశారు. మూసిన ప్రాసిక్యూటర్ పేరు క్రిస్టర్ పీటర్సన్. నేను కల్పించలేదు, దేవుడి స్క్రీన్‌ప్లే అది. ఆయన వేలు చూపించింది స్టీగ్ ఎంగ్‌స్ట్రోమ్ వైపు. ఆ మలుపు పక్కనే ఉన్న బీమా కంపెనీ ఆఫీసులో పనిచేసేవాడు. 2000లోనే చనిపోయాడు, కాబట్టి విచారణ ఉండదు, రుజువూ ఉండదు. ఆ రాత్రి అక్కడ నేనున్నానని 1986లోనే పోలీసులకూ పత్రికలకూ అతనే చెప్పుకున్నాడు. ఘటనను మళ్లీ నటించి చూసినప్పుడు తనను పిలవలేదని కూడా గోల చేశాడు. సాక్షిగా పనికిరాడని పక్కన పెట్టినవాణ్ణి 34 ఏళ్ల తర్వాత హంతకుడన్నారు. చచ్చినవాడి కళ్లు చారెడు. తుపాకి మాత్రం నేటికీ దొరకలేదు.

ఇదంతా రాత్రి మా ఆవిడకు వినిపించి, మన గ్రూపులో కూడా పిల్లి కోణాన్ని ఇంకా లోతుగా తవ్వాలన్నాను.

"గేటు దగ్గర సీసీ కెమెరా ఉందిగా, అది చూడొచ్చుగదండీ?" అంది.

"చూసేస్తే ఇక గ్రూపులో ఏం మాట్లాడుకుంటాం?" అన్నాను.