క్యాన్సర్ ఉన్న ఇంటికి పలకరింపుకు పోతే

హన్మకొండలోనో, పరకాలలోనో ఒకరికి క్యాన్సరని తెలిసిన మొదటి వారం ఇల్లంతా చుట్టాలే. అరటిపండ్లు, హార్లిక్స్ సీసా, ‘ఏం కాదు, ధైర్యంగా ఉండు’. మూడో నెల వచ్చేసరికి ఆ గడప తొక్కేవాళ్లు కనబడరు. ఇంటివాళ్లకు మనుషులు కావలసింది అప్పుడే.

రేడియేషన్ అంటే సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున కొన్ని వారాలు. అందుకోసం 145 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు, ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికో మరోదానికో పోతే అక్కడే ఎక్కడో తల దాచుకోవాలి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది, మంచిదే. కానీ వెంట ఉన్న మనిషి పోగొట్టుకున్న కూలి డబ్బులు అందులో రావు. ఆ భార్యకో కొడుకుకో బదులు రెండు రోజులు కూర్చునే చుట్టం పండ్ల సంచి కంటే ఎంతో మేలు.

పోయే ముందు ఒక ఫోన్ చేయడం మర్యాద మాత్రమే కాదు. చాలా కీమో మందులు ఇచ్చాక 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు మామూలు జలుబు కూడా ప్రమాదమే, 100.4 డిగ్రీల జ్వరం వస్తే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. దగ్గుతూనే ‘ఒక్కసారి చూసిపోదామని వచ్చిన’ అనే వాళ్లను ఇంటివాళ్లు మొహమాటానికి ఆపలేరు. మనమే ఆగాలి. ఇంకో వైపు, అంటుకుంటుందని వేరే గ్లాసులో చాయ్ తాగేవాళ్లూ ఉన్నారు. క్యాన్సర్ అలా అంటుకోదు.

మంచం పక్కన కూర్చుని ‘డాక్టర్ ఎన్ని రోజులన్నడు?’ అని గుసగుసలాడితే రోగికి వినబడదనుకోవడం మన అమాయకత్వం. ఫలానా ఊళ్లో చెట్ల మందు ఇస్తారట అనడం మరీ ఘోరం. దాన్ని నమ్మి కీమో మధ్యలో ఆపితే జబ్బు ముదురుతుంది.

అన్నింటికంటే నాకు కోపం తెప్పించేది మార్ఫిన్ మాట. నొప్పితో రాత్రంతా మూలిగే మనిషికి డాక్టర్ ఆ మాత్రలు రాస్తే, వచ్చినవాళ్లు ‘అలవాటైపోతది, ఇయ్యకుండ్రి’ అని భయపెట్టి పోతారు. డాక్టర్ చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే వ్యసనమయ్యే ప్రమాదం తక్కువే. ఈ మందు రోగులకు అందడం సులువు కావాలనే 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించారు. జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు, అంటే రోగి నొప్పిని, బాధను తగ్గించే కేంద్రాలున్నాయి. మన దగ్గర అది ఎక్కడుందో కనుక్కుని, ఆటో మాట్లాడి తీసుకుపోతే ఆ రాత్రి ఇంట్లో అందరికీ కాస్త నిద్ర పడుతుంది.