తాళం చేయించి సెల్ఫ్ కొడితే బండి లేస్తుందా?

బెంగళూరు అపార్ట్‌మెంట్లలోని తెలుగువాళ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "ఇంటి పెద్దాయన పోయాక ఆయన కారు బేస్‌మెంట్‌లో ఏళ్ల తరబడి పడి ఉందా? తాళం దొరకడం లేదా? టెన్షన్ వద్దు. రోడ్డు పక్కన తాళాలు చేసేవాడు 10 నిమిషాల్లో చేసిస్తాడు. కొత్త బ్యాటరీ వేసి, 5 లీటర్ల పెట్రోల్ పోసి, నాలుగు సెల్ఫ్‌లు కొట్టండి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ ఆయన పేరు మీదే ఉన్నా గడువు ఉంటే చాలు. 15 ఏళ్లు దాటిన బండి మాత్రం తుక్కుకే." చివర్లో మామూలే, పది మందికి పంపమని.

పాత బండ్ల పిచ్చి ఉన్నవాణ్ని కాబట్టి తెలిసినవాళ్లంతా దీన్ని నాకు పంపి "నిజమేనా అన్నా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక రాస్తున్నా.

"తాళం 10 నిమిషాల పని." పాత మారుతి 800కో, ప్రీమియర్ పద్మినికో, చేతక్ స్కూటర్‌కో అయితే రోడ్డు పక్కన పని అయిపోతుందన్నది నిజమే. పది నిమిషాలన్నదే హుళక్కి. పనివాడు ఇంకా గాట్లు కోయని తాళంచెవిని (దీన్నే బ్లాంక్ అంటారు) తాళం లోపల పెట్టి అటూ ఇటూ గట్టిగా మెలిపెడతాడు. బయటికి తీసి వెలుతురులో వాల్చి చూస్తాడు. లోపలి రేకులు ఒత్తుకున్న చోట సన్నటి మచ్చలు మెరుస్తుంటాయి. ఆ మచ్చ దగ్గర ఆకురాయితో కాస్త అరగదీసి, మళ్లీ పెట్టి మెలిపెడతాడు. మచ్చ పడటం ఆగిన చోట ఇక చెయ్యి పెట్టడు. అక్కడ ఒక్క రవ్వ ఎక్కువ అరిగిందా, ఆ బ్లాంక్ పారేసి మొదటికి రావాల్సిందే. ఏళ్లుగా తిరగని తాళమైతే దుమ్మూ తుప్పూ పట్టి రేకులే ఇరుక్కుపోయి ఉంటాయి. ముందు వాటిని శుభ్రం చేసి కదిలేలా చేయకపోతే ఆ మచ్చలను నమ్మడానికి లేదు. కొన్ని బండ్లలో డోర్ లాక్ విప్పితే దాని మీదే తాళం నంబరు ఉంటుంది. అది దొరికితే దాన్ని బట్టే గాట్లు కోయొచ్చు, ఈ కుస్తీ అంతా తప్పుతుంది.

దొంగతనాన్ని ఆపే ఇమ్మొబిలైజర్ ఉన్న కార్ల కథ వేరు. మారుతిలో దీన్నే ఐక్యాట్స్ అంటారు. తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ దాన్ని చదివి, ఇంజిన్ కంప్యూటర్ ఒప్పుకుంటేనే ఇంజిన్ నడుస్తుంది. లోహం ఎంత బాగా కోసినా చిప్ లేకపోతే తాళం తిరుగుతుంది, చాలా కార్లలో సెల్ఫ్ కూడా కొడుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. ఇది తెలియక కారులోని ఫ్యూయల్ పంపు మార్పించినవాళ్లు ఉన్నారు. కొత్త చిప్‌ను ఆ కంప్యూటర్‌కు నమోదు చేయాలంటే షోరూమ్‌కో, స్కానర్ ఉన్న పనివాడి దగ్గరికో వెళ్లాలి. వాళ్లు ఆర్‌సీ, గుర్తింపు కార్డు అడుగుతారు. ఆర్‌సీలో నాన్న పేరు, ఆధార్‌లో మీ పేరు. కాబట్టి మరణ ధ్రువపత్రం, మీ సంబంధం చూపే కాగితం వెంట ఉండాలి. ఏమీ అడక్కుండా తాళం చేసిచ్చేవాడు రేపు మీ కారుకు ఇంకెవరికైనా చేసిస్తాడు. ఇంతకీ కొత్త కారుతో మామూలుగా రెండు తాళాలిస్తారు. రెండోది బీరువాలో ఎల్ఐసీ బాండ్ల కవర్లోనే ఉందేమో, ముందు అది వెతకండి.

"బ్యాటరీ, పెట్రోల్, నాలుగు సెల్ఫ్‌లు." నాకు ఒళ్లు మండింది ఇక్కడే. ఏళ్లుగా ఆగిన ఇంజిన్‌లో సిలిండర్ గోడల మీద ఆయిల్ పొర ఉండదు. పిస్టన్ రింగులు తుప్పుతో గోడకు అతుక్కుని ఉండొచ్చు. బలవంతంగా సెల్ఫ్ కొడితే రింగులు విరుగుతాయి, లేదా గోడ గీసుకుపోతుంది. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు క్రాంక్ పుల్లీ బోల్టుకు పాన తగిలించి చేత్తో తిప్పండి. రెండు పూర్తి చుట్లు తేలిగ్గా తిరిగితేనే తర్వాతి మాట. టైమింగ్ బెల్ట్ (వాల్వులను వేళకు కదిలించే పట్టీ) ఉన్న ఇంజిన్ అయితే పాత బెల్ట్‌ను నమ్మొద్దు. అది తెగితే కొన్ని ఇంజిన్లలో వాల్వులు వంగుతాయి.

పాత పెట్రోల్ మీద కొత్తది పోయడం దండగ. నిల్వ పెట్రోల్ జిగురు కట్టి, వార్నిష్ వాసన కొడుతూ, కార్బురేటర్ జెట్లనో ఇంజెక్టర్లనో మూసేస్తుంది. ఇప్పటి పెట్రోల్‌లో ఉన్న ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ నీరు ఎక్కువైతే ట్యాంకు అడుగుకు దిగుతుంది, పంపు ముందుగా లాగేది దాన్నే. ట్యాంకు ఖాళీ చేయించడం తప్పదు. ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడకుండా కొత్త బ్యాటరీ తగిలించడమూ ప్రమాదమే.

మెసేజ్ మొత్తంలో బ్రేకు అన్న మాటే లేదు! బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీలుస్తుంది. చక్రాల దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండర్లు బిగుసుకుపోతాయి, రబ్బర్లు ఎండిపోతాయి. టైరు పక్కన డాట్ అన్న గుర్తు వెంబడి ఉన్న అంకెల్లో చివరి నాలుగు చూడండి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని. గాట్లు ఎంత లోతుగా ఉన్నా అంత పాత టైర్లతో హోసూరు రోడ్డెక్కకండి. విడిభాగాలకు జేసీ రోడ్డు ఉండనే ఉంది.

"ఆయన పేరు మీదే ఉన్నా పర్వాలేదు." తప్పు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 56వ నియమం ప్రకారం, యజమాని పోయిన 30 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేస్తే వారసుడు 3 నెలల దాకా బండి వాడుకోవచ్చు. ఆ 3 నెలల్లోనే ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. ఇన్సూరెన్స్ పాలసీ షరతుల్లోనూ అంతే. పాలసీదారు పోయాక అది 3 నెలలో, గడువు తీరేదాకానో, ఏది ముందైతే అంతవరకే. గడువు దాటిపోయినవాళ్లు ఆలస్య రుసుముతోనైనా దరఖాస్తు పెట్టడమే దారి.

వారసుడంటే కారు ఎవరి పార్కింగ్‌లో ఉంటే వాళ్లు కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకపోతే అమ్మకు, కొడుకులకు, కూతుళ్లకు, నాయనమ్మ ఉంటే ఆమెకూ సమాన వాటా. పెళ్లై వెళ్లిన చెల్లెలి సంతకం లేకుండా పని నడుస్తుందనుకోవద్దు. కుటుంబం ఇక్కడిదే అయితే నాడకచేరిలో (ఇక్కడి రెవెన్యూ కార్యాలయం) వంశవృక్ష, అంటే కుటుంబ సభ్యుల పత్రం తీసుకోవాలి. ఊరు ఆంధ్రలో ఉంటే అక్కడి తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి.

"15 ఏళ్లు దాటితే తుక్కే." అది ఢిల్లీ గొడవ. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు ఆ రాజధాని ప్రాంతానివి. బెంగళూరులో సొంత కారుకు వయసును బట్టి అలాంటి నిషేధం లేదు. తనిఖీలో నెగ్గితే రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. ఫీజు మాత్రం 2022 ఏప్రిల్ 1 నుంచి కారుకు 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. 20 ఏళ్లు దాటిన బండ్లకు 2025లో ఇంకా పెంచారు.

మనవాళ్లకు ఇంకో చిక్కు ఉంది, మెసేజ్ దాని ఊసే ఎత్తలేదు. ఊరి నంబరు బండి కర్ణాటకలో 12 నెలలు మించి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్సూ కట్టాలి. అందుకు పాత ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) కావాలి. 2014కు ముందు నంబర్లయితే ప్లేటు మీద ఏపీ అని ఉంది కదా అని విజయవాడ బస్సెక్కకండి. ఏపీ 09 అంటే ఖైరతాబాద్, ఆ ఎన్‌వోసీ ఇవ్వాల్సింది తెలంగాణ రవాణా శాఖ.