అరెజ్జో సంతలో మా మరచెంబు

ఇటలీలోని అరెజ్జో పట్టణంలో ప్రతి నెలా మొదటి ఆదివారమూ, దానికి ముందు రోజైన శనివారమూ పాతవస్తువుల సంత జరుగుతుంది. ఇవాన్ బ్రుస్కి అనే పురావస్తువుల వ్యాపారి 1968లో మొదలుపెట్టిన ఆ సంతకు మొన్న ఆదివారం మా మామగారిని తీసుకువెళ్ళాను. తణుకు నుంచి మిలాన్‌లోని మా ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆయన చర్చీలన్నీ ఒకేలా ఉన్నాయంటున్నారు గనుక, కాస్త పాత ఇనప సామాను చూపిస్తే మనసు కుదుటపడుతుందని సలహా ఇచ్చినది మా ఆవిడ. వెంట నడవవలసి వచ్చినది మాత్రం నేను. సాన్ ఫ్రాన్సెస్కో చర్చిలో పియెరో డెల్లా ఫ్రాన్సెస్కా గోడచిత్రాలు చూశాము. చాలా బాగున్నాయి.

సంత వందల దుకాణాలతో ఊరి పాత వీధులన్నిటా పరుచుకున్నా, అసలు సందడి పియాజ్జా గ్రాందే అనే చౌకులో ఉంటుంది. ఎగువన చిత్రకారుడు, వాస్తుశిల్పి జార్జో వసారి 1573లో నమూనా గీసి ఇచ్చిన పొడవాటి వరండా, దిగువన సాంతా మరియా చర్చి వెనుక వైపు గుండ్రటి గోడ, ఈ రెండింటి నడుమ చౌకు నేల మొత్తం ఏటవాలుగా దిగిపోతుంది. వ్యాపారులు బల్లల కాళ్ళ కింద చెక్కముక్కలు దోపి సరుకు నిలబెట్టుకుంటారు. మనిషైతే నిలబడగలడు గాని, చెంబు నిలబడదు.

చెంబు సంగతి చెప్పాలి. డబ్బు పెట్టి నీళ్ళు కొనడం మామగారి సిద్ధాంతానికి విరుద్ధం కాబట్టి, ఆయన ఎక్కడికి వెళ్ళినా ఇత్తడి మరచెంబు వెంట ఉంటుంది. దాని మర అరిగిపోయింది. మూతను ముందు అర చుట్టు వెనక్కి తిప్పి, కిర్రుమన్న తరువాత ముందుకు తిప్పితే గాని బిగియదు, ఊడదు. ఆ కిటుకు ఇంట్లో ఆయనకు తప్ప మరెవరికీ పట్టుబడలేదు. ప్రయాణానికి ముందు అత్తగారు చింతపండు పెట్టి తోమడం వల్ల అది ఆ రోజు చౌకులో ఉన్న సరుకులన్నిటి కంటే ఎక్కువగా మెరుస్తున్నది. ఒక దుకాణం దగ్గర పెద్ద ఇనప తాళంకప్ప కంటబడగానే, నేల మీద పెడితే దొర్లిపోతుందన్న ముందుచూపుతో మామగారు చెంబును ఆ బల్ల మీదే, రాగి గిన్నెల వరసలో పెట్టి, తాళంకప్పను చేతిలోకి తీసుకున్నారు.

మేము తలెత్తేసరికి మరచెంబు ఒక జర్మన్ పెద్దావిడ చేతిలో ఉంది. ఆవిడ వెల అడుగుతున్నది.

అసలు యజమాని కాఫీకి వెళ్ళాడు. దుకాణంలో ఉన్నది అతని మేనల్లుడు, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. నేను నా ఇటాలియన్‌లో, ఆఫీసులో అందరూ మెచ్చుకునే ఇటాలియన్‌లో, ఆ చెంబు మాదని చెప్పాను. బల్ల మీద ఉన్నదంతా మామయ్య సరుకేనని అతను మర్యాదగానే జవాబిచ్చాడు. ఆ వెంటనే మామయ్యకు ఫోను చేసి, ఇత్తడి, మూత ఉంది, బాగా తోమి ఉంది అని వర్ణించాడు. తోమినది ఎవరని అవతలి గొంతు కేకలు వేసింది. పాత ఇత్తడిని తోమితే వయసు పోయి వెల పడిపోతుందట. తన సరుకును ఎవరు తోమారో తనకే తెలియకపోవడం ఏమిటన్న అనుమానం ఆ మహానుభావుడికి కలగలేదు. కళ్ళతో చూడకుండానే అరవై యూరోలని తేల్చి, కాఫీ పూర్తిచేయడానికి వెళ్ళిపోయాడు. అటు మేనల్లుడు, ఇటు అల్లుడు. నిర్ణయాధికారం ఇద్దరిలో ఎవరికీ లేదు.

అప్పుడు నాకు చెంబు అడుగున చెక్కిన పేరు గుర్తుకు వచ్చింది. మన పెళ్ళిసామాను మీద చుక్కలు చుక్కలుగా చెక్కుతారే, అలాగే మామగారి తండ్రిగారి పేరు, ఊరి పేరు రెండు వరసలుగా ఉన్నాయి. ఇంతకంటే దస్తావేజు ఏమి కావాలని చెంబును తిరగేసి చూపించాను. కుర్రవాడి కళ్ళు పెద్దవయ్యాయి. జేబులోంచి భూతద్దం తీసి, ఒక్కొక్క చుక్కనూ పరిశీలించి, ఫొటో తీసి మామయ్యకు పంపాడు. జవాబు నిమిషంలో వచ్చింది: ప్రాచ్యదేశపు శాసనం ఉన్నది కాబట్టి ఎనభై ఐదు. ఏ బొమ్మ ఎవరిదో, ఏ శిల్పం ఎవరు చెక్కారో విచారించి కళాకారుల జీవితాలన్నీ 1550లోనే అచ్చు వేయించిన వసారి పుట్టిన ఊరు అది. ఆయన వరండా నీడలో, పేరు చెక్కి ఉన్న చెంబు ఎవరిదో తేలలేదు.

మామగారికి ఈ సంభాషణలో ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, బేరం జరుగుతున్నదన్న సంగతి మాత్రం ఏ భాషలోనైనా ఆయనకు అర్థమవుతుంది. "అల్లుడుగారూ, ఎంతంటున్నాడు?" అని అడిగారు. చెప్పాను. ఒక్క క్షణం మనసులో రూపాయలలోకి మార్చుకుని, ఆయన ముఖం వికసించింది. ఆ వికాసాన్ని నేను ఇంకా క్షమించలేదు.

చెంబులో నీళ్ళున్నాయని, తెరిచి చూస్తే తెలుస్తుందని చెప్పాను. కుర్రవాడు మూత తిప్పాడు, రాలేదు. జర్మన్ ఆవిడ తిప్పింది, రాలేదు. పక్క దుకాణంలో గడియారాలు అమ్మే భారీ మనిషి వచ్చి రుమాలు చుట్టి మరీ తిప్పాడు, రాలేదు. అప్పుడు మామగారు తాళంకప్పను చంకలో ఇరికించుకుని, చెంబు అందుకుని, అర చుట్టు వెనక్కి తిప్పి, కిర్రుమనిపించి, మూత తీసి, తల వెనక్కి వాల్చి, పెదవులకు ఆనకుండా జానెడు ఎత్తు నుంచి ధారగా నీళ్ళు తాగారు. చుక్క కింద పడలేదు. గొంతు కదలడం అందరూ చూశారు. అప్పటికి పదిహేను మంది దాకా పోగయ్యారు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. చెంబు మాదని నిరూపించడానికి జరిగిన ఆ కార్యక్రమాన్ని దుకాణం వాళ్ళు ఏర్పాటు చేసిన ప్రదర్శనగా భావించి, ఒక అమెరికన్ ఇలాంటివి రెండు ఉన్నాయా అని మామగారినే అడిగాడు. జర్మన్ ఆవిడ పర్సు తెరిచింది.

ఆ సమయంలో కుర్రవాడు చెంబు అడుగును మరోసారి భూతద్దంతో చూసి, ఊరి పేరు కింద 1958 అన్న అంకెలు కనిపెట్టాడు. మళ్ళీ ఫోను. ఆ వయసైతే పురావస్తువే కాదని, నలభైకి ఇచ్చి వదిలించుకోమని ఆజ్ఞ వచ్చింది. ముప్ఫై ఐదు ఇస్తానన్నది ఆవిడ.

మామగారికి కోపం వచ్చింది. చెంబు మాది అన్న విషయంలో కాదు, ధర తగ్గించిన విషయంలో. "ఎనభై ఐదు అన్నవాడు నలభైకి ఎలా దిగుతాడండీ? అసలు బరువు చూశాడా? ఇప్పుడు ఈ మందం ఇత్తడి ఎక్కడ దొరుకుతుంది? అనువదించండి." నేను అనువదించలేదు. "మావయ్యగారూ, అది మన చెంబు, మనం అమ్మడం లేదు," అన్నాను. "అమ్మమని నేనన్నానా? ధర దగ్గర తగ్గకూడదు, అంతే," అని ఆయన జర్మన్ ఆవిడ వైపు తిరిగి ఎనిమిది వేళ్ళు చూపించారు.

యజమాని వచ్చినది అప్పుడు. పెదవుల మీద కాఫీ నురగ ఇంకా ఆరలేదు. చెంబును ఒక చేత్తో ఎత్తి చూసి, ఇది నాది కాదు అని, పక్కన పెట్టేశాడు. క్షమాపణ అన్న మాట లేదు, మేనల్లుడి వైపు ఒక చూపు కూడా లేదు. ఆ తరువాత మామగారిని ఎగాదిగా చూసి, చక్కని ఇంగ్లీషులో, ఆ చంకలో ఉన్న తాళంకప్ప మాత్రం తనదేనని, వెల పాతిక యూరోలని నాతో చెప్పాడు. పదిహేను మంది చూస్తుండగా దాన్ని తిరిగి బల్ల మీద పెట్టే ధైర్యం నాకు లేక, డబ్బు నా జేబులోంచే తీసి ఇచ్చాను.

దానికి చెవి లేదన్న సంగతి రైలెక్కాక మామగారే కనిపెట్టి, కొనేముందు చూసుకోవద్దా అని నన్ను అడిగారు.