సవరణ: ఫైర్ ఎంబ్లెమ్‌లో ‘క్యాజువల్’ పద్ధతి ఎప్పుడు మొదలైంది?

వ్యూహాత్మక రోల్ ప్లేయింగ్ గేముల భవిష్యత్తు గురించి ఇంతకుముందు రాసినప్పుడు, నేలకొరిగిన యోధులు తరువాతి పోరాటానికి తిరిగివచ్చే ‘క్యాజువల్’ పద్ధతిని ఫైర్ ఎంబ్లెమ్ అనే గేముల వరుసలో 2012 నాటి ‘అవేకనింగ్’ గేము ప్రవేశపెట్టిందని పేర్కొన్నాను. అది తప్పు. 2010లో నింటెండో డీఎస్ అనే చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పరికరం కోసం వచ్చిన ‘న్యూ మిస్టరీ ఆఫ్ ది ఎంబ్లెమ్’లోనే ఆ పద్ధతి ఉంది. ఆ గేము జపాన్ బయట విడుదల కాలేదు కాబట్టి, ఇతర దేశాల ఆటగాళ్లలో చాలామందికి అది ‘అవేకనింగ్’తోనే పరిచయమైంది.

తేదీ పొరపాటే కదా అని దీన్ని వదిలేయలేను, ఎందుకంటే నా వాదన దానిమీదే నిలబడింది. అమ్మకాలు రెండున్నర లక్షలు దాటకపోతే ఈ వరుసను ఆపేస్తామని ‘అవేకనింగ్’ బృందానికి చెప్పిన మాట నిజమే. ఆ భయంతోనే ఆటను సులభతరం చేశారన్న నా నిర్ధారణ మాత్రం నిలవదు.

ఈ ఆటల్లో రెక్కల గుర్రం మీది యోధురాలిని ఒక గడి ముందుకు జరిపితే చాలు, శత్రువు బాణం ఆమెను కూల్చేస్తుంది. పాత పద్ధతిలో ఆమె ఇక తిరిగిరాదు, చాలామంది ఆ ఘట్టాన్నే మళ్లీ మొదటినుంచి ఆడతారు. ఆ విసుగును తగ్గించాలన్న ఆలోచన, వరుస ఆగిపోతుందన్న గండానికి ముందే పుట్టిందన్నమాట. 2019 నాటి ‘త్రీ హౌసెస్’ కూడా రెండు పద్ధతులనూ ఆటగాడి ఎంపికకే వదిలింది. పాత వ్యాసంలోని ఆ పేరాను తొలగించాను.