నన్ను పోల్చుకోని వేలిముద్ర యంత్రానికి

మహారాజశ్రీ బ్యాంకు వేలిముద్ర యంత్రం వారి దివ్య సముఖానికి, చిక్కడపల్లి వాస్తవ్యుడు, కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుడు, 69 ఏళ్ళవాడు చేసుకొంటున్న విన్నపం.

గత నవంబరులో ఒక సోమవారం ఉదయం తమరి గాజు పలక మీద నేను కుడి బొటనవేలు ఉంచగా, తమరు ఒక్కసారి ఎర్రగా మెరిసి, నేను నేను కానని తేల్చారు. ఎడమ బొటనవేలు ఇచ్చాను, అదీ కాదన్నారు. చూపుడువేలిని రుమాలుతో తుడిచి, తలకు పెట్టుకొన్న కొబ్బరినూనె కాస్త అద్ది మరీ సమర్పించుకొన్నాను. తమరి పక్కన కూర్చున్న కుర్రవాడు తెరవైపు చూసి, "సార్, మిషన్ మిమ్మల్ని తీస్కుంట లేదు. జర పక్కకు కూసోండ్రి, మళ్ల చూద్దాం" అన్నాడు. ఆ పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో, చేతిలో టోకెనుతో కూర్చున్న గంటన్నరలోనే, నేనెవరు, ఎందుకున్నాను అని తొలిచే, పెద్దలు అస్తిత్వ సంక్షోభమని పిలిచే జబ్బు నాకు అంటుకొంది.

తమరిని తప్పు పట్టడం లేదు. బతికి ఉన్నామని మేము ఏటా నవంబరులో రుజువు చేసుకోవాలన్న నియమం తమరికన్నా పాతది. ఎనభై నిండినవారికైతే అక్టోబరు ఒకటి నుంచే గడువు మొదలవుతుంది, అంటే ఆ వయసువారికి బతికి ఉండటానికి ఒక నెల అదనంగా ఇచ్చారన్నమాట. ఆ రుజువును తమరి ద్వారా ఇచ్చే డిజిటల్ జీవన ప్రమాణ పత్రం 2014 నవంబరు 10న వచ్చింది. అంతకుముందు బ్యాంకు అధికారి పింఛనుదారుడి ముఖం చూసి, "బాగున్నారా?" అని అడిగి, బాగుంటేనేమి బాగులేకుంటేనేమి, ఉన్నాడని సంతకం పెట్టేవాడు.

తమరి పని తీరు కూడా తెలుసుకొన్నాను. వేలి మీది గీతలు ఎక్కడ ఆగిపోయాయో, ఎక్కడ రెండుగా చీలాయో, ఆ చోట్లను గుర్తించి పాత ముద్రతో పోల్చి చూస్తారట. ఒక మనిషిని గుర్తుపట్టడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తోచదు. వయసు మీదపడితే చర్మం పొడిబారి ఆ గీతలు అరిగిపోతాయి. నావి అరగడానికి మరొక కారణం కూడా ఉంది. స్పాంజి డబ్బాలో వేలు తడిపి 34 ఏళ్ళపాటు కాగితాలు తిప్పాను. తమరు వెతికిన గీతలు ఆ దస్త్రాల అంచుల మీద ఉండి ఉంటాయి.

ఆ కాగితాలు ఎటువంటివో చెప్పకుండా దాచడం మర్యాద కాదు. నేను పనిచేసింది పింఛన్ల విభాగంలోనే. జీవన ధ్రువపత్రం జత చేయని కేసుల మీద "అభ్యంతరం" అని ఎర్ర సిరాతో రాసి వెనక్కు పంపడం నా విధి. ఒకసారి ఒక పెద్దాయన పాస్‌బుక్కును గుండెకు ఆనించుకొని నా బల్ల ముందు నిలబడి, "బాబూ, నేను వచ్చాను కదా" అన్నాడు. రావడం వేరు, పత్రం వేరు అని ఎంతో వినయంగా వివరించాను. ఆయన చాలాసేపు తన చేతులవంక చూసుకొన్నాడు. ఆ చూపు అర్థం కావడానికి నేను తమరి దాకా రావలసి వచ్చింది.

ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు ఏరుకొనే అలవాటు వల్ల, ఈ జబ్బు చేసిన పెద్దలు ఎవరెవరో నాకు కొంత తెలుసు. 1637లో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ మహాశయుడు తాను ఆలోచిస్తున్నాడు కనుక ఉన్నాడని తేల్చుకొన్నాడు. నేనూ గంటన్నరగా ఆలోచిస్తూనే ఉన్నాను గాని, తమరు దాన్ని రుజువుగా స్వీకరించలేదు. 1896లో మదురైలో వేంకటరామన్ అనే పదహారేళ్ళ కుర్రవాడు మరణభయం కమ్ముకోగా నేలమీద శవంలా బిగుసుకొని పడుకొని, ఈ దేహం పోతే పోయేదెవరని తనలోకి తాను చూసుకొన్నాడు. తరువాత రమణ మహర్షి అయ్యాడు. నేనూ ఆ ప్రశ్న దాకా వచ్చాను గాని, పడుకోవడానికి బ్యాంకులో చోటు లేదు, పైగా నా నంబరు పిలుస్తారేమోనన్న బెంగ ఒకటి.

అసలు నన్ను పట్టి కుదిపినవాడు మరో ఫ్రెంచి తత్త్వవేత్త సార్త్రే. 1945లో పారిస్‌లో చేసిన ఉపన్యాసంలో ఆయన కాగితాలు కోసే కత్తిని ఉదాహరణగా చూపాడు. కత్తి తయారు కాకముందే అది ఎందుకో చేసేవాడికి తెలుసు. మనిషి అలా కాదు, ముందు ఉంటాడు, ఎందుకన్నది తరువాత తానే కల్పించుకోవాలి. ఆ లెక్కన తమరు అదృష్టవంతులు. ఎందుకు పుట్టారో తెలిసి పుట్టారు. కాని సార్త్రే గారు మన దేశపు గుమాస్తాను చూసి ఉండరు. 1982లో నాకు ముందు నియామకపు ఉత్తర్వు వచ్చింది, నేను ఆ తరువాత వచ్చాను. వరంగల్లులో తెలుగు చెప్పే ఉద్యోగం ఒకటి దాదాపు చేతికందుతుండగా, మా నాన్నగారు "సెంట్రల్ గవర్నమెంటురా" అన్న రెండు మాటలతో నా గీత ఒకటి అక్కడే ఆగిపోయింది. 2016లో ఒక నెలాఖరు సాయంత్రం శాలువా కప్పి, సమయానికి ఎక్కడికీ వెళ్ళనక్కరలేనివాడికి గోడగడియారం బహూకరించి, కాగితాలు లేని కత్తిని ఇంటికి పంపించారు.

ఆ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళి, నేను లేనని యంత్రం అంటున్నదని మా ఆవిడకు చెప్పాను. "అయితే రేపటినుంచి బియ్యం ఒక గ్లాసు తగ్గించమంటారా?" అని ఆవిడ అడిగింది. సాయంత్రం ఇందిరా పార్కు నడకలో తోటి పింఛనుదారులను, అసలు మనం ఎందుకున్నామని అడిగాను. ఒకాయన ఏమాత్రం తడుముకోకుండా, ఎనిమిదో వేతన సంఘం సిఫారసులు వచ్చేదాకా ఉండాలి కదా అన్నాడు. ఇంత స్పష్టమైన జీవిత లక్ష్యాన్ని ఏ తత్త్వవేత్తా చెప్పగా నేను వినలేదు.

మర్నాడు మళ్ళీ వచ్చాను. కుర్రవాడు ఓపికగా ఒక్కొక్క వేలే పెట్టించాడు. చివరికి ఉంగరపు వేలు పెట్టగానే తమరు ఒప్పుకొన్నారు. అది కలం పట్టిన వేలు కాదు, స్పాంజిలో తడిసిన వేలు కాదు. 34 ఏళ్ళలో ఆఫీసు పనికి ఒక్కనాడూ అక్కరకు రాని వేలు అది. కుర్రవాడు "అయిపోయింది సార్, మీరే" అన్నాడు. ఫోనుకు ఒక సంఖ్య వచ్చింది. అందులో నేను ఉన్నానని ఉంది. ఎందుకో రాయడానికి గడి లేదు, ఉన్నా ఏం నింపేవాడినో తెలియదు.

ఈ విన్నపం రాయడానికి కారణం వేరు. పోయిన వారం పాస్‌బుక్కు ముద్రించుకోవడానికి వచ్చినప్పుడు తమరు బల్లమీద కనబడలేదు. అడిగితే, ఇప్పుడంతా ఫోనులోనే ముఖం చూసి చేస్తున్నామని కుర్రవాడు చెప్పాడు. ముఖంతో పోల్చుకొనే పద్ధతి 2021 నవంబరులోనే వచ్చింది, మా బ్యాంకు దాకా రావడానికి ఇంతకాలం పట్టింది. సొరుగు లాగి చూపించాడు. వైరు ఒంటికి చుట్టుకొని, ఎండిన స్టాంపు ప్యాడ్ పక్కన తమరు పడి ఉన్నారు. గాజు మీద ఎవరిదో ఒక వేలిముద్ర మిగిలి ఉంది.

శాలువా కప్పారో లేదో తెలియదు. మా ఇంట్లో గోడగడియారం ఒకటి ఉంది. తమరికి అభ్యంతరం లేకపోతే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఉంగరపు వేలు గలవాడు